పన్నెండో పట్టీ

ఆ మధ్యాహ్నం రెండో ఫర్నేసు దగ్గర పన్నెండుమంది పనిలో ఉన్నారు. గంట మోగింది ఒక్కసారే. అది కూడా ఆ పన్నెండుమందిలో ఒంట్లో బాగున్న ఒకే ఒక్క మనిషి కోసం మోగింది. మిగిలిన పదకొండుమంది గురించి ఆ యంత్రం చివరిదాకా నోరు విప్పలేదు. యంత్రం చెడిపోయిందా అంటే, లేదు. తనని ఎందుకు తయారుచేశారో ఆ పని అది చక్కగా చేసింది. ఈ కథలో అందరికీ కోపం తెప్పించిన సంగతి అదే.

ఆ యంత్రాన్ని తయారుచేసినామె పేరు మజ్జి కాంచన. విశాఖపట్నంలో ఎనిమిదిమంది పనిచేసే ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఇంజనీరు. తొమ్మిదో ఏట తల్లి పోతే అప్ప, అంటే అక్క, నీలవేణి పెంచింది. అప్ప పదో తరగతి మధ్యలో మానేసి జూట్ మిల్లులో చేరింది, చెల్లెల్ని బడి మాన్పించలేదు. తర్వాత సన్యాసినాయుడిని పెళ్ళి చేసుకుని నీలాడవలస వెళ్తూ చెల్లెల్ని కూడా వెంట తీసుకెళ్ళింది. అక్కడ ధవళగిరి ఫెర్రో అల్లాయ్స్ అనే కర్మాగారంలో ఆయన ఫర్నేసు మేస్త్రీ. కాంచన ఇంజనీరింగ్ అయ్యేదాకా తిన్నది ఆ ఇంటి అన్నమే.

ఆ ఫర్నేసులు కరెంటుతో రాయిని కరిగించేవి. నిలువెత్తు కంటే పెద్దవైన మూడు నల్లటి కడ్డీలు, వాటి గుండా ఊరంతటికీ సరిపోయేంత కరెంటు, కింద కుతకుతలాడే లోహం. వేసవిలో ఆ వేడికి మనుషులు ఉన్నట్టుండి కూలిపోయేవారు. మంచినీళ్ళ కుండ దగ్గర కూలితే బతికేవాడు. కరిగిన లోహం పారే కాలవ దగ్గర కూలితే బతికేవాడు కాదు. అలా ఒకతన్ని ఇంటికి చేర్చి వచ్చిన రోజు సన్యాసినాయుడు అన్నం ముందు కూర్చుని, మనిషి పడిపోయే ముందు ఒళ్ళు ఏదో ఒకటి చెప్పదా, నీ చదువులో అది వినే మిషను లేదా అని మరదల్ని అడిగాడు.

ఆ ప్రశ్న కాంచనని రెండేళ్ళు వదల్లేదు. మెడ నుంచి గుండెకి దిగే నరం ఒకటుంది. మనిషి సోలిపోవడానికి పదిహేను నిమిషాల ముందే ఆ నరం చప్పుడు తీరు మారుతుందని ఆమె కనిపెట్టింది. ఆ చప్పుడు ఎంత చిన్నదంటే, రైలు పోతూంటే దాని పక్కన చీమ నడక వినడమంత కష్టం. మన చుట్టూ ఉన్న కరెంటు తీగలన్నీ మన ఒంట్లో రొద పెడుతూనే ఉంటాయి. ఆ రొదే రైలు.

ఒక ఆదివారం ఆమె బావని తన ప్రయోగశాలకి పిలిచింది. చొక్కా విప్పించి ఛాతీ మీద ఒక తీగ అంటించింది. తెర మీద లావుపాటి అల ఒకటి ఊగింది. అది ఆయన గుండె కాదు, తల మీద ట్యూబులైటు. తర్వాత రెండో తీగని మెడ ఎముక దగ్గర అంటించి, రెండింటినీ అరచేతిలో పట్టే ఒక పలకకి కలిపింది. లావుపాటి అల ఒక్కసారిగా మాయమైంది. దాని చోట సన్నటి గీత ఒకటి, చిన్నచిన్న ముడులు వేసుకుంటూ కదిలింది.

"ఏటి సేసినావు?" అన్నాడాయన.

త్రాసు లాంటిదే బావా అని చెప్పిందామె. రెండు పళ్ళేల్లోనూ ఒకే బరువు పెడితే ముల్లు కదలదు. ఈ పలకకి రెండు చెవులున్నాయి. రెండు చెవులకీ సమానంగా వినపడిందాన్ని రొద అనుకుని పారేస్తుంది. రెండింటి మధ్య తేడా ఏదైనా ఉంటే దాన్ని మాత్రమే పట్టుకుని లక్షరెట్లు పెంచి చూపిస్తుంది. దీన్నే డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ అంటారు.

సన్యాసినాయుడు కాసేపు ఆ గీతనే చూశాడు. "అయితే రెండేపులా ఒక్కలాగే సెడిపోతే నీ మిషనుకి తెల్దన్నమాట" అన్నాడు. అని నవ్వేశాడు. కాంచన నవ్వలేదు.

ఫర్నేసు దగ్గర ఆ పలక మొదటి రోజే ఓడిపోయింది. మనిషి కదిలినప్పుడల్లా ఫర్నేసు కరెంటు ఛాతీకి ఒకలా, మెడకి ఒకలా తగిలింది. రెండు చెవులూ ఒకే ఒంటి మీద ఉంటే లాభం లేదు. ఆరు నెలలు తిప్పలు పడ్డాక కాంచనకి తట్టిన ఉపాయమే ఆమెకి పేరు తెచ్చింది. ఒక చెవి మనిషి మీద. రెండో చెవి అతనితో పనిచేసే ముఠా మొత్తం మీద. అందరి ఛాతీల మీదా తలో పట్టీ, అన్ని పట్టీలూ గాలిలోనే ఒక పెట్టెకి చెప్పుకుంటాయి, ఆ పెట్టె అందరి సగటూ తీసి తిరిగి ఒక్కొక్కరికీ పంపుతుంది. వేడి అందరికీ ఒకటే, రొద అందరికీ ఒకటే, కాబట్టి అవి కొట్టుకుపోతాయి. ముఠాలో ఎవడి ఒళ్ళు మిగతావాళ్ళకి భిన్నంగా మారుతోందో వాడి నంబరూ, వాడున్న చోటూ కంట్రోల్ రూమ్ బోర్డు మీద వెలుగుతాయి. గంట మోగుతుంది. అయిదు నిమిషాల్లో అంబులెన్సు.

బావ అన్న మాట మర్చిపోలేదామె. అందుకే పెట్టెకి ఇంకో చిన్న భాగం తగిలించింది. పారేసే రొదని పూర్తిగా పారేయకుండా, అందరి సగటూ ఎటు పోతోందో కూడా చూసే భాగం. అందరూ కలిసి దిగజారుతూంటే బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతుంది. దానికి ఉమ్మడి దీపం అని పేరు పెట్టింది. అది వెలిగితే ఫర్నేసు ఆపాలి, అందరూ బయటికి రావాలి.

పట్టీ భుజం మీంచి నడుముకి ఏటవాలుగా ఉండేది. పనివాళ్ళు దానికి జంధ్యం అని పేరు పెట్టి, మా అందరికీ ఒకేసారి వడుగు చేసేశారని నవ్వుకున్నారు. మొదట ఎవరూ కట్టుకోలేదు. మా మరదలు చేసిందని సన్యాసినాయుడు ముందు తను కట్టుకుని, తర్వాత ఒక్కొక్కరినీ బతిమాలి కట్టించాడు. కాంట్రాక్టు కూలీలకి ఇచ్చేది లేదని ఆఫీసు వాళ్ళంటే, ఊడ్చే మనిషికి ఒళ్ళుండదా అని దెబ్బలాడి, ఫర్నేసు కింద బూడిద ఊడ్చే పైడితల్లికి కూడా ఇప్పించాడు. పైడితల్లికి యాభై ఏళ్ళుంటాయి. ఆమెది పన్నెండో నంబరు.

మొదటి ఏడాది ఆ పట్టీ నలుగురిని సమయానికి బయటికి తెచ్చింది. ఆ నలుగురి ఇళ్ళలోనూ కాంచన పేరు దేవుడి పేరుతో పాటు పలికేవారు. పేపర్లో ఫోటో వచ్చింది. మరో ఆరు కర్మాగారాలు పట్టీలు కావాలన్నాయి. నీలవేణి ఆ పేపరు ముక్కని కత్తిరించి వంటింటి అలమర తలుపుకి అంటించింది.

రెండో ఏడు మే నెల వచ్చింది. ఉమ్మడి దీపం ఒకరోజు మధ్యాహ్నం వెలిగింది. మర్నాడూ వెలిగింది. వరసగా పదకొండు రోజులు వెలిగింది. వెలిగినప్పుడల్లా ఫర్నేసు ఆగింది. పన్నెండో రోజు జనరల్ మేనేజరు ఆలమూరి శేషశయనం కాంచనకి కబురు పెట్టాడు.

ఆయన గొంతు ఎప్పుడూ పెంచడు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, కొబ్బరినీళ్ళు ఇప్పించి, ఆ దీపం తప్పుగా వెలుగుతోందని చెప్పాడు. తప్పు కాదండీ, ఆ వేళకి నిజంగానే అందరూ సొక్కిపోతున్నారని ఆమె అంది. ఆయన చిరునవ్వు నవ్వాడు.

"ఒక్కడికి ఉంటే అది జబ్బు. అందరికీ ఉంటే అది వాతావరణం అమ్మా. వాతావరణానికి ఫర్నేసు ఆపుకుంటామా?"

దీపం తీసేస్తేనే పట్టీలు ఉంటాయని, లేకపోతే మొత్తం పట్టీలే తీసేస్తామని చెప్పాడు. మిగతా ఆరు కర్మాగారాల వాళ్ళూ ఇదే మాట అంటున్నారన్నాడు. కాంచన ఆ రాత్రంతా ఆలోచించలేదు. అబద్ధం చెప్పి ఏం లాభం, ఆమె ఆలోచించింది అరగంటే. ఏమీ లేకపోవడం కంటే సగం ఉండటం నయమని తనకి తను నచ్చజెప్పుకుంది. ఉమ్మడి దీపం తీసేస్తున్నాం కాబట్టి షెడ్డు గోడల మీద విషవాయువుని పసిగట్టే గ్యాస్ మీటర్లని నెలనెలా పరీక్ష చేయించాలని ఒప్పందం కాగితంలో ఒక వాక్యం రాసింది. సంతకానికి తిరిగొచ్చిన కాగితంలో ఆ వాక్యం లేదు. లేదని ఆమె చూసింది. చూసే సంతకం పెట్టింది.

ఆ గ్యాస్ మీటర్లని పట్టీలు వచ్చినప్పటినుంచీ ఎవరూ ముట్టుకోలేదు. మనుషులే మీటర్లయ్యాక గోడ మీద మీటర్లెందుకని శేషశయనం ఒక సమావేశంలో అన్నాడట. అందరూ నవ్వారట.

మూడో ఏడు ఏప్రిల్‌లో ఒక మంగళవారం, ఫర్నేసు పైన పొగని లాగే ఫ్యాను బెల్టు జారి సగం వేగంతో తిరగడం మొదలుపెట్టింది. ఫర్నేసులోంచి వచ్చే గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకున్న ఇళ్ళలో మనుషుల్ని నిద్రలోనే చంపేది అదే. అది షెడ్డులో కొద్దికొద్దిగా నిండింది.

మధ్యాహ్నం రెండు గంటలకి ముఠాలో ఒకరిద్దరు తలనొప్పి అన్నారు. ఎండదెబ్బేమో అనుకుని సన్యాసినాయుడు పైడితల్లిని క్యాంటీన్‌కి పంపి బిందెడు మజ్జిగ తెమ్మన్నాడు. రెండూ అయిదుకి ఆమె బయటికి వెళ్ళింది. క్యాంటీన్‌లో మజ్జిగ ఇంకా చిలకలేదు. ఆమె వేపచెట్టు కింద కూర్చుంది. గాలి తగిలేసరికి ఆమె తల దిమ్ము దిగిపోయింది. లోపల పదకొండుమందీ ఒక్కలాగే, ఒకే వేగంతో మునిగిపోతున్నారు.

పెట్టె సగటు తీసింది. సగటు కిందికి జారుతోంది. పదకొండుమందీ సగటుతో పాటే జారుతున్నారు కాబట్టి వాళ్ళకీ సగటుకీ పెద్ద తేడా లేదు. తేడా ఉన్నది ఒక్కరికే, బయట చెట్టు కింద కులాసాగా కూర్చున్న పైడితల్లికి. రెండూ ముప్ఫై ఒకటికి బోర్డు మీద పన్నెండో నంబరు వెలిగింది. గంట మోగింది.

కర్మాగారంలో ఉన్నది ఒకే అంబులెన్సు. అది అయిదు నిమిషాల్లో వేపచెట్టు దగ్గరికి వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి పైడితల్లిని పడుకోమన్నారు. తనకేమీ కాలేదని ఆమె చెప్పింది. మిషను చెప్పింది కదా అన్నారు వాళ్ళు. డిస్పెన్సరీలో మంచం మీద పడుకోబెట్టి, పట్టీ విప్పి పక్కన పెట్టి, చేతికి గ్లూకోజు సూది గుచ్చారు. "నాకు కాదు బాబూ, నోపలున్నోల్లకి తలకాయలు పగిలిపోతన్నాయంతన్నారు, ఆల్లని సూడండి" అని ఆమె మూడుసార్లు చెప్పింది. కాంపౌండరు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి అడిగాడు. బోర్డు మీద ఇంకెవరి నంబరూ లేదని జవాబు వచ్చింది. అందరూ బాగానే ఉన్నారు, నువ్వు కదలకుండా పడుకో అని కసిరాడు.

రెండూ యాభై ఎనిమిదికి పైడితల్లి సూది పీకేసి, చేతి నుంచి నెత్తురు కారుతూంటే షెడ్డుకి పరిగెత్తింది. గుమ్మానికి దగ్గరగా పడున్నవాడు సన్యాసినాయుడు. చంకల్లో చేతులు వేసి ఆయన్ని బయటికి ఈడ్చి, అరిచి అరిచి జనాన్ని పోగుచేసింది. ఆ తర్వాత తీసుకొచ్చినవాళ్ళలో ముగ్గురికి ఊపిరుంది. ఏడుగురికి లేదు.

గంట మోగిన నిమిషంలో షెడ్డులోకి ఎవరైనా తొంగిచూసి ఉంటే పదకొండుమందీ బతికేవారని తర్వాత డాక్టరు చెప్పాడు.

కాంచన ఆస్పత్రికి చేరేసరికి సన్యాసినాయుడికి స్పృహ వచ్చింది. ఆయన కళ్ళు తెరిచి మరదల్ని చూశాడు. మర్యాదగా, ఎవరండీ మీరు అని అడిగాడు. గ్యాసు మెదడులో ఏదో చోటిని తినేసిందని, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని చెప్పారు. పెళ్ళాన్ని గుర్తుపట్టాడు. ఫర్నేసు పని గుర్తుంది. గడిచిన ఏళ్ళలో చాలాభాగం పోయింది, మరదలు కూడా అందులోనే పోయింది. ఇప్పుడు చెప్పింది సాయంత్రానికి నిలవదు. నీలవేణి చెల్లెలు వస్తున్న పక్క నుంచి లేచింది. మంచం అవతలి పక్కకి వెళ్ళి కూర్చుంది.

నాలుగోరోజు శేషశయనం తనే విశాఖపట్నం వచ్చాడు. వెంట వకీలు ఉన్నాడు. ఎంతో విచారంగా మాట్లాడాడు. పదకొండుమంది పట్టీల రికార్డులూ చివరి నిమిషం దాకా మామూలుగానే ఉన్నాయని, అంటే గ్యాసు ఒక్కసారిగా, మెరుపులా వచ్చిందని, ఎవరూ ఆపగలిగేది కాదని నివేదిక తయారైందని చెప్పాడు. పరికరం సక్రమంగా పనిచేసిందని అందులో రాశామన్నాడు. పరికరానిదీ తప్పు లేదు, కర్మాగారానిదీ తప్పు లేదు. కాంచన నిపుణురాలిగా దాని కింద సంతకం చేస్తే చాలు. పన్నెండో పట్టీ ఒక్కటి చెడిపోయి ఊరికే మోగిందని, ఆ సంగతి ఒక మూల రాశారు.

వాళ్ళు వెళ్ళాక ఆమె రికార్డులు తెర మీద పరిచింది. పదకొండు గీతలు, మధ్యగీతకి కాస్త కిందగా, బల్లపరుపుగా. వాటిని చూస్తే పదకొండుమంది హాయిగా నిద్రపోతున్నట్టుంది. పన్నెండోది రెండూ పది నుంచి పైకి లేస్తోంది. ఎక్కడా తడబాటు లేదు, చెడిపోయిన పట్టీ గీతలో ఉండే గజిబిజి లేదు. నున్నగా, నింపాదిగా, నిమిషానికి ఇంత అని కొలిచినట్టు లేస్తోంది.

కాంచన ఆ గీతని తలకిందులు చేసింది.

అప్పుడు కనపడ్డారు పదకొండుమంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పైకి పోలేదు. ఆమె ఉన్నచోటే ఉంది. సగటే ఆమె కాళ్ళకింద నుంచి దిగిపోయింది. తలకిందులు చేసిన ఆ గీత బావ ముఠా చావు గీత. నిమిషం నిమిషానికీ, ఇరవై ఒక్క నిమిషాల పాటు, గంట మోగేదాకా. ఉమ్మడి దీపమే గనక ఉంటే రెండూ పదిహేడుకి వెలిగేదని ఆమె లెక్క కట్టింది.

ఇంకోటి కూడా ఆమెకి అప్పుడే గుర్తొచ్చింది. తేడా సగటుకి పైకా, కిందికా అన్నది పెట్టెకి తెలుసు. మొదటి బోర్డులో ఆ గుర్తు ఉండేది. కంట్రోల్ రూమ్ కుర్రాళ్ళు తికమకపడుతున్నారని దాన్ని తీసేయించింది ఎవరో కాదు, తనే. ఒంట్లో బాగున్నవాళ్ళు సగటుకి ఇంత దూరంగా ఎందుకుంటారని అప్పుడు అనుకుంది.

బల్ల మీద అరచేతి పలక ఒకటి ఉంటే తీసుకుని గోడకేసి కొట్టింది. అది రెండు ముక్కలైంది. దానివల్ల ఏమీ తేలిక కాలేదు. శేషశయనం మీద కోపం, నవ్విన వాళ్ళ మీద కోపం, సూది గుచ్చిన వాడి మీద కోపం, ఇవన్నీ ఒకచోటికి వచ్చి తన సంతకం దగ్గర ఆగుతున్నాయి. దాన్ని దాటి ముందుకి పోవడం లేదు.

మర్నాడు అప్ప దగ్గరికి వెళ్ళింది. సన్యాసినాయుడిని ఇంటికి తెచ్చేశారు. ఆయన అరుగు మీద చొక్కా తొడుక్కుని కూర్చుని, షిఫ్టుకి టైమయిందని లేవబోతున్నాడు. నీలవేణి ఆయన్ని కూర్చోబెట్టి, లోపలికి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది. కాంచన నిలబడే అన్నీ చెప్పింది. దీపం, దాన్ని తీసేసిన సంగతి, కాగితంలో మాయమైన వాక్యం, అది చూసి కూడా పెట్టిన సంతకం, పైకా కిందికా చెప్పని బోర్డు, ఇప్పుడు శేషశయనం అడుగుతున్న సంతకం.

నీలవేణి వంటింటి అలమర దగ్గరికి వెళ్ళింది. అలమర తలుపు మీదున్న పేపరు ముక్కని గోటితో గీకి, ముక్కలుగా పీకింది. మైదాపిండితో అంటించింది కాబట్టి సగం అక్కడే ఉండిపోయింది.

"ఆయన నీ మాట మీద నమ్మకంతో ఇంటింటికీ తిరిగి కట్టించినారు" అంది. "ఆ ఏడుగురి పెళ్ళాలూ రోజూ నా గుమ్మం ముందు నుంచే ఎల్తన్నారు. ఒక్కర్తీ నన్నేటీ అన్నేదు. తిడితే బాగున్ను. నువ్వు దీపం తీసేసినప్పుడు మీ బావకి సెప్పినావా?"

చెప్పలేదంది కాంచన.

"ఎందుకు సెప్పలేదు?"

చెబితే ఆయన పట్టీ విప్పేసేవాడు. ఆయన విప్పితే ముఠా అంతా విప్పేసేది. ఆ సంగతి తెలుసు కాబట్టే చెప్పలేదు. కాంచన ఆ మాట దాచకుండా చెప్పింది. నీలవేణి చెంప మీద కొట్టింది. పెంచిన ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యెత్తని మనిషి. కొట్టి, ఆ చేతిని చీర కొంగుకి తుడుచుకుని అంది:

"ఎల్లి సెప్పు. ముందు నీ పేరు సెప్పు. నీ సంతకం సూపించు. అప్పుడు ఆల్ల పేర్లు సెప్పు. నీది దాసీసి ఆల్లది సెప్తే నీకూ ఆల్లకీ తేడా ఏటున్నాది?"

జూన్‌లో విచారణ జరిగింది. కలెక్టరాఫీసు సమావేశ మందిరంలో ముందు వరసలో కంపెనీ మనుషులు, వెనక నేల మీద ఏడిళ్ళ వాళ్ళు. నేల మీద ఎందుకంటే కుర్చీలన్నీ ముందే నిండిపోయాయి. విచారణాధికారి పెద్దావిడ, ప్రతిమాటా రెండుసార్లు అడిగే మనిషి.

శేషశయనం మెరుపులా వచ్చిన గ్యాసు గురించి చెప్పాడు. చెడిపోయిన పన్నెండో పట్టీ గురించి చెప్పాడు. తర్వాత కాంచన లేచి, ముందుగా తను సంతకం పెట్టిన కాగితాన్ని చదివింది. దాన్ని తను రాసిన మొదటి ప్రతితో కలిపి ఇచ్చింది. ఒక వాక్యం తేడా ఉందని, ఆ తేడా తనకి తెలుసని, తెలిసే సంతకం పెట్టానని చెప్పింది. బోర్డు మీద పైకా కిందికా అనే గుర్తు తీయించింది కూడా తనేనని చెప్పింది. కంపెనీ వకీలు లేచి, ఇంత తప్పు ఒప్పుకున్న మనిషి మాటకి విలువేమిటన్నాడు. అధికారి అతన్ని కూర్చోమంది.

కాంచన గోడ మీద పన్నెండో గీతని చూపించింది. తర్వాత దాన్ని తలకిందులు చేసింది. ఎక్కువ మాట్లాడలేదు. వేలు పెట్టి నిమిషాలు చూపించింది. ఇక్కడ తలనొప్పి. ఇక్కడ కాళ్ళు తేలిపోవడం. ఇక్కడ గంట మోగింది. ఇక్కడ అంబులెన్సు షెడ్డు గుమ్మం ముందు నుంచే వేపచెట్టు దగ్గరికి వెళ్ళింది. ఇక్కడ పట్టీ విప్పేశారు కాబట్టి గీత అయిపోయింది, మనుషులు మాత్రం ఇంకో ఇరవై నిమిషాలు బతికున్నారు.

వెనక నేల మీద కూర్చున్న ఒకామె లేచి నిలబడింది. తర్వాత పక్కనున్నామె. ఏడిళ్ళ వాళ్ళూ లేచి నిలబడి శేషశయనం వీపుని చూస్తూ ఉండిపోయారు. ఆయన వెనక్కి తిరగలేదు. మెడ దగ్గర చొక్కా తడిసింది.

అధికారి పైడితల్లిని పిలిచి ఆరోజు ఏం చెప్పావని అడిగింది. పైడితల్లి బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నాకేటీ నేదు, ఆల్లకే అయ్యిందని సెప్పినాను. మూడుసార్లు సెప్పినాను. మిషను సెప్పినాది కాదని నువ్వెలా సెప్తావని అడిగినారు. మిషను కాడికి ఎల్లలేదమ్మా నాను, మనుసుల కాడ నుంచి వొచ్చినాను. మనుసుల కాడ నుంచి వొచ్చిన మాట మీకెందుకు పనికి రాదు?"

ఈ ప్రశ్న ఆమె అడిగింది అధికారిని కాదు. ముందు వరసలో ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ అడిగింది. కాంచన దగ్గరికి వచ్చినప్పుడు కూడా చూపు తప్పించలేదు. కాంచన కూడా తల దించలేదు. దించే హక్కు తనకి లేదనిపించింది.

విచారణ నివేదికలో ఏడు చావులకీ ముగ్గుర్ని బాధ్యులుగా చూపించారు: జనరల్ మేనేజరు, భద్రతాధికారి, పరికరం తయారుచేసిన ఇంజనీరు. శేషశయనానికి వారంలో బెయిలు వచ్చింది. ఆయన కేసు ఇప్పటికీ నడుస్తోంది. కాంచన కోర్టులో తప్పు ఒప్పుకుంది, వకీలు వద్దంటున్నా వినలేదు. పద్నాలుగు నెలల జైలు పడింది.

శిక్ష పడకముందే ఇంకో సంగతి జరిగింది. పట్టీలున్న మిగతా ఆరు కర్మాగారాలకీ పైడితల్లి, ఏడుగురి పెళ్ళాలూ కలిసి వెళ్ళారు. గేట్ల ముందు నిలబడి, మీ బోర్డు మీద ఉమ్మడి దీపం ఉందా అని షిఫ్టు దిగేవాళ్ళని అడిగారు. అదేమిటో తెలియనివాళ్ళకి చెప్పారు. ఒకచోట పోలీసులు వెళ్ళగొట్టారు, మర్నాడు మళ్ళీ వెళ్ళారు. మూడు వారాల్లో ఆరు కర్మాగారాల వాళ్ళూ పట్టీలు విప్పి మేనేజరు బల్లల మీద కుప్పపోశారు. దీపం పెట్టేదాకా ఫర్నేసు ఎక్కేది లేదన్నారు. దీపం ఎలా బిగించాలో, ఏ తీగ ఎక్కడ కలపాలో కాంచన జైలుకి వెళ్ళేముందు పదమూడు పేజీల్లో బొమ్మలతో సహా రాసి పైడితల్లి చేతికిచ్చింది. పైడితల్లి తీసుకుంది. థాంక్స్ చెప్పలేదు, కాంచన కోరుకోనూ లేదు. ఇప్పుడు ఆ కర్మాగారాల్లో మే నెల మధ్యాహ్నాలు ఫర్నేసులు ఆగుతాయి.

తీర్పు వచ్చిన రోజు పోలీసులు కాంచనని కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. వ్యాను రావడానికి ఇంకా టైముంది. నీలవేణి మెట్లెక్కి వచ్చి ఎదురుగా నిలబడింది. చెంపదెబ్బ కొట్టిన రోజు తర్వాత చెల్లెలి ముఖం చూడటం అదే మొదలు.

"మీ బావ పొద్దున్న లేవగానే మనోల్లు డూటీకొచ్చీసినారా అని అడుగుతారు" అంది. "ఒక్కొక్కడి పేరూ ఎట్టి అడుగుతారు. ఏడుగురు నేరని రోజూ నానే సెప్పాల. రోజూ ఆయన కొత్తగా ఏడుస్తారు. సాయంత్రానికి మర్సిపోతారు. నాకు మరుపు నేదు."

కాంచన బెంచీ మీంచి లేచి నిలబడింది.

"నీ మీద కోపం నాకు సగం కూడా తీర్నేదు. జైల్లోకొచ్చి తిట్టడానికి నాకు కుదరదు, ఆయన్ని ఒగ్గీసి రానేను." నీలవేణి వెళ్ళబోయి ఆగింది. "బయటికొచ్చినాక ఎక్కడికీ పోకు. తిన్నగా ఇంటికి రా. మిగతాది అప్పుడు తిడతాను."

"వస్తానప్పా" అంది కాంచన.